మా అక్క భిక్షుణులు, నా వంట

మా అక్క రాసిన పుస్తకంలో మా అక్క గురించి ఒక్క ముక్క లేదు. మొదట ఒక పెద్దమనిషి ముందుమాట ఉంది, దాని వెనక అచ్చేసినాయన మాట ఉంది, ఆ తర్వాత సరాసరి కథలే. రాసిన మనిషి ఎవరు, ఏం చేస్తుంది, ఎక్కడ కూర్చుని రాసింది, ఆవిడ రాస్తున్నంత కాలం ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించారు, ఏదీ లేదు. అందుకని ఆ రాత పని కూడా నా నెత్తినే పడింది. మా ఇంట్లో నా నెత్తిన పడని పని ఏముంది కనక!

అక్క అంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. నేను పెళ్ళయి ఈ ఇంటికి వచ్చేటప్పటికే ఆస్పత్రి గుడ్డల గదిలో కుట్టుపని చేస్తోంది. ఆస్పత్రి వెనక, బట్టలుతికే యంత్రాల పక్కన ఉంటుంది ఆ గది. తలుపు లోపలివాళ్ళకే. బయటివాళ్ళు ఏదైనా ఇవ్వాలంటే చిన్న కిటికీ ఉంది. అక్క పనల్లా చిరిగిన దుప్పట్లకు అతుకులెయ్యడం, నాడాలు తెగిన గౌన్లకు నాడాలు కుట్టడం. దుప్పటి మధ్యలో పలచబడితే నిలువునా చీల్చి, అంచుల్ని మధ్యకు తిప్పి మళ్ళీ కుడుతుంది. అదీ పలచబడితే పిల్లల వార్డుకు చిన్న దుప్పట్లవుతాయి. అవీ పోతే గచ్చు తుడిచే గుడ్డలు. ఒక్క గుడ్డనైనా ఆవిడ వదిలిపెట్టగా నేను చూడలేదు.

ఈ భిక్షుణుల పిచ్చి కూడా ఆ గుడ్డల మూటలోంచే వచ్చింది. ఎవరో రోగి ఇంటికి పోతూ మంచం మీద ఒక పుస్తకం వదిలేశాడు. అది దుప్పట్లో చుట్టుకుని గుడ్డల గదికి చేరింది. అట్ట లేదు, ముందు పేజీలు లేవు. బుద్ధుడి కాలంలో ఇల్లు విడిచి సంఘంలో చేరినవాళ్ళ సంగతులు అందులో ఉన్నాయి. మగవాళ్ళకు పేజీలకు పేజీలు. ఎవరు ఏ ప్రశ్న అడిగారు, ఏ చెట్టు కింద కూర్చున్నారు, అన్నీ వివరంగా ఉన్నాయి. ఆడవాళ్ళకు మాత్రం తలా రెండు లైన్లు. ఫలానా వాడి భార్య, ధర్మం విన్నది, ఇల్లు విడిచింది, అయిపోయింది.

అక్క ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"విన్నదట, విడిచిందట. మధ్యలో ఏం జరిగిందో రాయడా ఈయన?"

"నాకేం తెలుసక్కా. ఆ కూరలు కాస్త తరుగు," అన్నాను.

తరగడం మొదలుపెట్టి, సగంలో కత్తి పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు కూర ఆలస్యమైంది. ఆ రోజు నుంచి రోజూ ఆలస్యమే.

రెండు లైన్ల మధ్యన జరిగినదాన్ని అక్క తనే కల్పించడం మొదలుపెట్టింది. ఆస్పత్రి చీటీల వెనక, మందుల అట్టపెట్టెలు విప్పి వాటి లోపలి వైపు, కాగితమన్నది ఎక్కడ దొరికితే అక్కడ రాసింది. కుమ్మరి భార్య ఒకతె సంఘంలో చేరుతుంది, కళ్ళు మూసుకుని కూర్చోమంటే చేతులు ఊరుకోవు, ఎదురుగా మట్టి ఉంటే పిసికేస్తుంది. ఇంకొకతె గురక పెడుతుంది, తోటి భిక్షుణులకు లోకం మీద విరక్తి వచ్చింది గానీ ఆ గురకను భరించే శక్తి రాలేదు. మోకాలి నొప్పి ముసలమ్మ ఒకతె అందరి వెనక కుంటుకుంటూ నడుస్తుంది. మధ్యాహ్నం దాటితే అన్నం ముట్టకూడదని వాళ్ళ నియమం. ఈవిడ ఊరు చేరేసరికి రోజూ మధ్యాహ్నం దాటిపోతుంది.

కథలు బాగుండేవి, కాదనను. వాటితో మేం పడిన పాట్లే బాగాలేవు. అన్నాలు తింటుంటే ఉన్నట్టుండి, "ఎడమ మోకాలంటావా, కుడి మోకాలంటావా?" అనేది. మా బావగారు కంచంలోంచి తలెత్తకుండా "ఎడమ" అనేవారు, ఆయనకు గొడవ తీరితే చాలు. మా అత్తయ్య మాత్రం ఊరుకునేది కాదు. నిన్నగాక మొన్న చేరిన కుర్ర భిక్షువు వచ్చినా ముసలి భిక్షుణి లేచి దండం పెట్టాలని నియమం ఉందని అక్క చెప్పినప్పుడు, "మోకాళ్ళ నొప్పుల దానికి అన్నేసి సార్లు లేవడం ఎలా కుదురుతుందే? అడిగేవాళ్ళు లేరా?" అని రెండు రోజులు అందర్నీ సాధించింది. మేమేదో ఆ నియమం పెట్టినట్టు.

గుడ్డల గదిలోనూ అదే ధ్యాస. ఒకసారి ఆపరేషన్ గదికి పంపిన గౌన్లో డాక్టరుగారు చెయ్యి దూరిస్తే ఆ చెయ్యి బయటికి రాలేదు. రెండో చెయ్యీ రాలేదు. రెండు చేతుల చివర్లూ మూసి కుట్టేసింది మహాతల్లి. కుట్టు మాత్రం చక్కగా ఉందట, విప్పడానికి నర్సుకు తల ప్రాణం తోకకొచ్చిందట. సూపర్‌వైజరు గదిలోకి పిలిచి కేకలేస్తుంటే, ఆయన మెళ్ళో గుర్తింపు కార్డు తాడు చూసి, భిక్షాపాత్రకు తాడు ఉండేదా, చేత్తోనే పట్టుకునేవారా అని ఆలోచిస్తూ నిలబడిందట. ఈ సంగతి తనే నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ ఉద్యోగం పోతే ఇల్లు ఎలా నడుస్తుందో ఆలోచించాల్సింది మళ్ళీ నేనే.

ఇంతకీ నా పని చెప్పలేదు. బజార్లో చిన్న ప్రెస్సులో కంప్యూటర్ మీద టైపు చేస్తాను, పుస్తకాలకు పేజీలు పెడతాను. ఇంట్లో టైపు వచ్చిన మనిషి ఉండగా అక్క బయటికి ఎందుకు పోతుంది? ఆ మందుల అట్టలన్నీ నా బల్ల మీదికి చేరాయి. ఆవిడ దస్తూరీ చదవడమంటే చిక్కుపడ్డ దారం విప్పడమే. కిందామీదా పడి టైపు చేసి ఇస్తే, మర్నాటికి మోకాలి ముసలమ్మ కథ మొత్తం మారిపోయి వచ్చేది. ఇలా ఎన్నిసార్లు మారిందో ఆ ముసలమ్మకే తెలియాలి.

ఇక డబ్బా సంగతి. పొద్దున్నే నేను అన్నం వండి, డబ్బా కట్టి, బల్ల మీద పెడతాను. అక్క పరధ్యానంగా చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది. డబ్బా బల్ల మీదే ఉంటుంది. ప్రెస్సుకు పోయే దారిలో నేనే ఆస్పత్రి వెనక్కి తిరిగి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడాలి. అక్క లోపల్నుంచి చెయ్యి చాపి డబ్బా అందుకుంటుంది. ఒక్క మాట మాట్లాడదు. మాట్లాడటానికి నోరు ఖాళీ ఉంటే కదా, కుట్టేటప్పుడు నోటి నిండా గుండుసూదులే. తల ఊపి లోపలికి వెళ్ళిపోతుంది.

"ఇంట్లో పెడితే తినవు, ఇక్కడికొచ్చినా నీ అన్నం నేనే మొయ్యాలా? నీకు వండిపెట్టడం నుంచి నాకు ఈ జన్మలో విముక్తి లేదా?" అని కిటికీలోంచి అరిచేదాన్ని. గోడకు చెప్పినట్టే.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది ఆవిడ "పోనీలే" అనే మాటకి. కథలు ఒక పుస్తకానికి సరిపడా అయ్యాక మా ప్రెస్సు ఓనరుగారే వేస్తానన్నారు. పుస్తకానికి అక్క పెట్టుకున్న పేరు 'వెళ్ళినవాళ్ళు'. ముందుమాట రాస్తానని ఒప్పుకున్న మాస్టారు ఒకాయన ఉన్నారు, ఊళ్ళో ఎవరి పుస్తకం వచ్చినా ముందుమాట ఆయనదే. ఆయన 'త్యాగమూర్తులు' అని మార్చారు. గురక పెట్టే మనిషి త్యాగమూర్తి ఏమిటి? అక్కను అడిగితే, "పోనీలే, పెద్దాయన" అంది. అట్ట మీద అతుకుల గుడ్డ బొమ్మ కావాలని అక్క అడిగింది. ఓనరుగారు తామరపువ్వు వేయించి, అందులో కళ్ళు మూసుకున్న ఒక అందగత్తెను కూర్చోబెట్టారు. గుండు చేయించుకున్న భిక్షుణికి అంత జుట్టెక్కడిదని నేను గింజుకుంటే, "పోనీలే, ఆయన డబ్బులు పెడుతున్నాడు" అంది. ఎవరేమన్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. ఆవిడ తరఫున మండిపడటానికి కూడా నేనే కావాలి.

పుస్తకం పూర్తవుతోందనగా అక్క 'నా మాట' అని తన ముందుమాట రాసి ఇచ్చింది. ఫోటో, పుట్టుపూర్వోత్తరాలు, చివర్న కృతజ్ఞతలు. టైపు చేస్తూ పోతున్నాను. మాస్టారికి కృతజ్ఞతలు. ఓనరుగారికి కృతజ్ఞతలు. గౌన్ల గొడవలో ఉద్యోగం తీసెయ్యనందుకు సూపర్‌వైజరుకు కృతజ్ఞతలు. మా బావగారికి, పోయిన మామయ్యగారికి, మోకాళ్ళ గురించి సలహాలిచ్చిన అత్తయ్యకు, పుస్తకం వదిలేసిపోయిన ఆ పేరు తెలియని రోగికి కూడా కృతజ్ఞతలు. అయిపోయింది. ఇంకో కాగితం ఉందేమోనని తిప్పి చూశాను. లేదు.

అందరూ ఉన్నారు. నేను లేను. నా చేత్తో నేనే టైపు చేసిన కృతజ్ఞతల్లో నేను లేను. కన్నీళ్ళొచ్చాయని చెప్పడానికి సిగ్గెందుకు, వచ్చాయి. ఓనరుగారు చూసి కళ్ళకు అద్దాలు మార్పించుకోమన్నారు.

ఇంటికొచ్చి గిన్నెలు మామూలుకన్నా గట్టిగా తోమాను.

ఆ వారంలోనే ఇంకో కథ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చివరి కథ. పేరు 'గడప దగ్గర'. ఇందులో ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దావిడ ధర్మం వింటుంది, ఇల్లు విడుస్తుంది. కథ ఆవిడ వెనక వెళ్ళదు. ఇంట్లోనే ఉండిపోతుంది, చిన్నావిడ దగ్గర. మర్నాడు నీళ్ళు ఎవరు తోడారు, అత్తకు కాళ్ళు ఎవరు పట్టారు, ఇద్దరి పని ఒక్కతే ఎలా చేసిందన్నదే కథంతా. కొన్నేళ్ళకు భిక్షుణులు ఆ ఊరొస్తారు. ఒకరోజు తలుపు తీస్తే గడప అవతల పెద్దావిడ. బోడిగుండు, చేతిలో పాత్ర, వంచిన తల. ఒంటి మీద పీలికలు అతికి కుట్టిన బట్ట, భుజం మీద ఆకుపచ్చ చారల ముక్క. అది ఒకప్పుడు చిన్నావిడ పారేసిన దుప్పటిదే.

భిక్షకు నిలబడితే మాట్లాడకూడదు. పెద్దావిడ మాట్లాడదు. చిన్నావిడ మాత్రం అన్నేళ్ళ కోపమూ కలిపి తిట్లందుకుంటుంది.

"వెళ్ళావుగా? పొయ్యీ వద్దు, మేమూ వద్దని వెళ్ళావుగా? వెళ్ళినా నీ అన్నం నేనే పెట్టాల్సొచ్చింది చూడు. నీకు విముక్తి దొరికింది గానీ, నీకు వండిపెట్టడం నుంచి నాకు ఈ జన్మలో విముక్తి లేదు."

తిడుతూనే, మాడిన అడుగు తగలకుండా కుండ మధ్యలోంచి మెత్తటి అన్నం తీసి పాత్రలో పెడుతుంది.

నేను చదవడం ఆపేశాను. ఆ మాటలు నావి. ఆస్పత్రి కిటికీ దగ్గర నేను అరిచిన మాటలు. ఆ ఆకుపచ్చ చారల దుప్పటీ నాదే. నేను పారేస్తే అక్క ఏరుకుని కాగితాలు దాచుకునే సంచి కుట్టుకుంది. కృతజ్ఞతల్లో నాకు చోటు లేదు గానీ, గయ్యాళిగా కథలో కూర్చోబెట్టడానికి మాత్రం పనికొచ్చానన్నమాట!

ఆ సాయంత్రం వంటింట్లో అక్కను నిలదీశాను.

"నా తిట్లన్నీ ఎత్తి రాస్తావా? ఊరంతా చదివి నవ్వుకోవడానికా? ఆ కథ తీసెయ్."

"బాలేదా?"

"బాగుందా లేదా అని కాదు. తీసెయ్."

"పోనీలే" అంటుందనే అనుకున్నాను. అనలేదు. "చూద్దాం" అని అన్నం పెట్టుకుంది. ఆవిడ నోట "చూద్దాం" అన్న మాట వినడం అదే మొదలు. అప్పుడే అనుమానం రావాల్సింది, కోపంలో రాలేదు.

ఇక్కడ మా ప్రెస్సు పని కొంచెం చెప్పాలి. పుస్తకం పేజీలను ఒక్కొక్కటిగా అచ్చెయ్యరు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి వేసి మడుస్తారు. దాన్ని ఫారం అంటారు. పుస్తకం ఇన్ని ఫారాలని తేలాక, నాలుగు పేజీలు ఎక్కువైనా సరే ఇంకో ఫారం వేసి, మిగతాది తెల్లగా వదిలెయ్యాల్సిందే. మా ఓనరుగారికి ఒక పాడలవాటుంది. లోపలి పేజీలు తేలకముందే అట్ట కొట్టించేస్తారు. పుస్తకం ఇంత లావని అంచనా వేసుకుని వీపు మీద పేరు కూడా వేయిస్తారు. ఆ తర్వాత లావు పెరిగితే పేరు వీపు మీద నుంచి పక్కకు జారిపోతుంది. ఇది ఎన్ని పుస్తకాలకు జరిగినా ఆయన మారలేదు.

మాస్టారు రెండు పేజీల ముందుమాట అన్నారు. అట్ట అచ్చయ్యాక ఆరు పేజీలు పంపారు. అందులో సింహభాగం ఆయన చదువుకునే రోజుల సంగతులు, ఒకసారి ఏదో స్తూపం చూడ్డానికి వెళ్తే బస్సు చెడిపోయిన సంగతి. చివర్న మాత్రం, ఈ కథల్లోని స్త్రీలందరూ సహనానికి మారుపేర్లు అని రాశారు. మొదటి కథలోనే ఒకావిడ మొగుడి మీదికి రోకలి విసురుతుంది. ఆయన చదివితే కదా!

దాంతో నాలుగు పేజీలు ఎక్కువయ్యాయి. ఓనరుగారు వచ్చి నా వెనక నిలబడ్డారు.

"ఎక్కడైనా నాలుగు పేజీలు తీసెయ్యమ్మా."

"మాస్టారి బస్సు తీసేద్దాం సార్."

"అమ్మో, ఆయన మాట ముట్టుకోవద్దు! అట్ట మీద ఆయన పేరు వేసేశాం. సభ పెట్టేదీ ఆయనే."

"పోనీ అక్షరాలు తగ్గిద్దాం."

"ఇప్పటికే చీమల్లా ఉన్నాయి." స్క్రీన్ మీద చివరికి వెళ్ళి వేలు పెట్టారు. "ఇదుగో, ఈ ఆఖరిది. సరిగ్గా నాలుగు పేజీలు. ఇందులో సన్యాసమే లేదు. ఒకావిడ వంటిల్లూ, సణుగుడూ తప్ప ఏముంది? పుస్తకానికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. తీసెయ్."

నేను కోరుకున్నదే కదా. ఒక్క మీట నొక్కితే పోతుంది, నా సణుగుడు ఊళ్ళో ఎవరి చెవినా పడదు. కానీ నాకు ఒళ్ళంతా భగ్గుమంది. నేను తీసెయ్యమంటే అది వేరు, మా ఇద్దరి మధ్య సంగతి. ఈయనెవరు? బస్సు చెడిపోవడానికి పేజీలున్నాయి గానీ, ఇద్దరి పని ఒక్కతే చేసిన మనిషికి లేవా? రెండు లైన్లు కూడా దక్కని మనిషికి అక్క నాలుగు పేజీలు ఇస్తే, అవీ ఎక్కువయ్యాయా?

"రాసినావిడను అడగాలి సార్," అని గుడ్డల గదికి ఫోన్ చేశాను. అడగడం దండగని తెలుసు. ఆవిడ ఏమంటుందో తెలుసు. ఆ "పోనీలే" చెవిన పడగానే ఎంత గట్టిగా అరవాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

సంగతంతా చెప్పాను. అవతల మిషన్ల చప్పుడే గానీ మాట లేదు.

"అక్కా! ఆ సూదులు తీసి మాట్లాడు."

టిక్కు టిక్కుమని సూదులు రేకు పెట్టెలో పడ్డాయి.

"ఆ కథ తియ్యడానికి వీల్లేదు," అంది. "తీస్తే మొత్తం పుస్తకమే వద్దని చెప్పు ఆయనకి."

ఫోన్ సరిగ్గా వినబడుతోందా అని చెవి మార్చాను.

"మరి నాలుగు పేజీలు ఎక్కణ్ణుంచి తేవాలి?"

"నా మాట తీసెయ్. అదీ నాలుగే కదా."

"అందులో అందరికీ కృతజ్ఞతలు చెప్పావు, బాధపడరూ?"

"పడనీ."

"నీ ఫోటో కూడా పోతుంది."

"మంచిదే. ముక్కు బాలేదు అందులో."

"నువ్వెవరో కూడా తెలీకుండా జనం పుస్తకం చదవాలా?"

"నేనెవరో ఎందుకు? గడప దగ్గర అన్నం పెట్టినావిడెవరో తెలిస్తే చాలు."

అయినా నేను వదల్లేదు. వదిలితే ఇంక అడగలేనని తెలుసు.

"ఆ ముక్కేదో కృతజ్ఞతల్లోనే రాస్తే నీ సొమ్మేం పోయేది? రోగికి కూడా రాశావు. నాకు రాయలేదు."

"అందులో రాస్తే నీకూ ఒక్క లైనే వచ్చేది," అంది అక్క. అని, "ఉంటాను, గౌన్లు పంపాలి," అని పెట్టేసింది.

ఓనరుగారు ఇంకా వెనకే ఉన్నారు. "ఏమందమ్మా?" అన్నారు. నేను 'నా మాట' తీసేశాను. ఫోటో, పుట్టుపూర్వోత్తరాలు, సూపర్‌వైజరు, మామయ్యగారు, రోగి, అందరూ పోయారు. ఫారాలు సరిగ్గా సరిపోయాయి. "ఇంతోటి దానికి ఏడవడమెందుకు?" అన్నారాయన. కళ్ళద్దాలు మార్పించుకోవాలని చెప్పాను.

పుస్తకం వచ్చింది. సభలో మాస్టారు త్యాగం గురించి చాలాసేపు మాట్లాడారు. అక్క చివరి వరసలో కూర్చుని తన రుమాలు అంచు కుట్టు ఊడిందేమో చూసుకుంటూ ఉంది.

మర్నాడు మామూలుగానే డబ్బా బల్ల మీద ఉండిపోయింది. మామూలుగానే కిటికీ దగ్గరికి వెళ్ళాను. అక్క చెయ్యి చాపింది. నేను డబ్బా వదల్లేదు.

"ఆ భిక్షుణికంటే నియమం అడ్డు, మాట్లాడకూడదు. నీకేం అడ్డం?"

అక్క నన్ను చూసింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి, చేతికి కట్టుకున్న మెత్తకు గుచ్చింది. నేను కిటికీకి ఇంకా దగ్గరగా జరిగాను. వినడానికి ఇన్నేళ్ళు ఆగాను మరి.

"రేపట్నుంచి మర్చిపోకుండా నేనే తెచ్చుకుంటాలే," అంది.

అంతే. ఆవిడకి అంతకన్నా చేతకాదని నాకు తెలుసు. డబ్బా ఇచ్చేశాను.

ఆ మర్నాడు ప్రెస్సుకు బయల్దేరుతూ చూద్దును కదా, డబ్బా బల్ల మీదే ఉంది. దాన్ని తీసుకుని చెప్పులేసుకున్నాను. దారి పొడుగునా ఆవిడని ఏమేం తిట్టాలో వరసగా పేర్చుకుంటూ నడిచాను. ఎలాగూ రాసుకుంటుంది కదా, ఈసారి కాస్త బాగా తిట్టాలి.